ఆఫీసు హ్యాకథాన్‌కి టీమ్‌ని ఎలా సిద్ధం చేయాలి: మాకు పనికొచ్చిన పద్ధతి

వచ్చే నెల మీ ఆఫీసులో 24 గంటల ఇంటర్నల్ హ్యాకథాన్ (ఆ గడువులోనే టీమ్‌లు పనిచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి చేసి చూపించే పోటీ) ఉందనీ, మీ ఐదుగురిలో ఇద్దరు ఫ్రెషర్లు, ఒకరు టెస్టర్ (సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగి) అనీ, ఇలాంటి టీమ్‌తో గెలవగలమా అనీ అడిగారు. గెలవగలరు. హైదరాబాద్‌లో నేను పనిచేసిన ఆఫీసుల్లో ఇలాంటి పోటీల్లో పాల్గొన్నాను, ఆ తర్వాత టీమ్‌లను తయారు చేశాను, జడ్జీల పక్కన కూర్చుని మార్కులు ఎలా పడతాయో కూడా చూశాను. నేను చూసినంతలో టీమ్‌లు కోడింగ్ రాక ఓడిపోవడం తక్కువ. ముందు వారమే తేల్చుకోవాల్సిన పనులు ఆ 24 గంటల్లో మీద పడటం వల్లే ఎక్కువగా ఓడిపోతాయి.

ముందు ఐడియా సంగతి. మీటింగ్ రూమ్‌లో కూర్చుని బోర్డు మీద రాసుకుంటే వచ్చే ఐడియాలు పక్క టీమ్‌కి కూడా వస్తాయి. అందుకని మీ కంపెనీలోనే రోజూ ఏదో ఒక పనితో తిప్పలు పడుతున్న మనిషి దగ్గరికి వెళ్ళండి. నేను పాల్గొన్న ఒక పోటీకి ముందు మా టీమ్ అంతా, సపోర్ట్ విభాగంలో టికెట్లు (సమస్యల ఫిర్యాదులు) చూసే ఒకావిడ పక్కన ఒక మధ్యాహ్నం కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఆవిడ కీబోర్డ్ పక్కన ఒక స్పైరల్ నోట్‌బుక్ ఉంది. అందులో ఎర్రర్ కోడ్లు, ఒక్కోదాని ఎదురుగా అది ఇంతకుముందు ఎలా సరైందో పెన్నుతో రాసి ఉంది. టికెట్ టూల్‌లో వెతికితే టైటిల్లో ఉన్న మాటలే దొరుకుతాయి, కామెంట్లలో రాసిన పరిష్కారం దొరకదు, అందుకే ఆ నోట్‌బుక్. “మీరు సెలవు పెడితే ఎలా మేడమ్?” అని అడిగాం. “పక్క సీటు వాళ్ళు ఫోన్ చేస్తారండీ, ఏ పేజీలో ఉందో చెప్తాను” అన్నారు.

మా ప్రాజెక్ట్ అదే అయింది. ఎర్రర్ కోడ్ పేస్ట్ చేస్తే పాత టికెట్ల కామెంట్లలోంచి దగ్గరగా ఉన్న మూడు పరిష్కారాలు చూపించాలి, అంతే. ఇంత చిన్నదా అని మీ టీమ్‌లో ఎవరో ఒకరు అంటారు, అననివ్వండి. ఫేస్‌బుక్ లైక్ బటన్ 2007లో వాళ్ళ హ్యాకథాన్‌లో మొదలైంది, జనం చేతికి వచ్చింది 2009 ఫిబ్రవరిలో. చూపించాల్సిన పని ఒక్కటే అయినప్పుడు అది చివరిదాకా పనిచేస్తుంది. అయిదు ఫీచర్లు పెట్టుకున్న టీమ్‌లు సగం సగం పనిచేసే అయిదు బటన్లతో స్టేజ్ ఎక్కడం నేను చాలాసార్లు చూశాను.

ఐడియా తేలాక అసలు ప్రిపరేషన్ మొదలవుతుంది. ఇది కోడ్ కాదు, పర్మిషన్లు. రిపాజిటరీలో (టీమ్ కోడ్ అంతా ఉండే చోటు) ఐదుగురికీ యాక్సెస్ ఉందా? క్లౌడ్ శాండ్‌బాక్స్ (ప్రయోగాలకు వాడే విడి సర్వర్) ఎవరి పేరు మీద తీసుకోవాలి? మీకు కావాల్సిన లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) ఆఫీసు ప్రాక్సీ (ఇంటర్నెట్‌కి వెళ్ళే దారిలో ఆఫీసు పెట్టిన కాపలా) దాటి డౌన్‌లోడ్ అవుతుందా? ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ వేసుకోవడానికి ఐటీ టికెట్, దానికి మేనేజర్ అప్రూవల్ కావాలా? శనివారం రాత్రి పదకొండింటికి ఈ టికెట్లు ఎవరూ చూడరు. అందుకే ఐదుగురూ ఒక సాయంత్రం ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని, ఒక్కొక్కరు ఒక చిన్న పేజీ రాసి, రిపాజిటరీకి పుష్ చేసి, శాండ్‌బాక్స్‌లో అది కనిపించేదాకా లేవకండి. ఫ్రెషర్లకు మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (ఇద్దరు చేసిన కోడ్ మార్పులు ఢీకొనడం) అంటే ఉండే భయం కూడా ఆ సాయంత్రమే పోతుంది. ముందే కోడ్ రాసుకోవచ్చా, రెడీమేడ్ టెంప్లేట్ వాడొచ్చా అన్నది నిర్వాహకులకు మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెలుసుకోండి. మార్కుల షీట్ కూడా అప్పుడే అడగండి. మేము తీసుకున్న షీట్‌లో టెక్నాలజీకి ఎన్ని మార్కులో, వ్యాపారానికి ఎంత ఉపయోగమన్నదానికీ అన్నే ఉన్నాయి. అది చూశాకే స్టేజ్ మీద ఎవరు మాట్లాడాలో మార్చుకున్నాం.

డేటా విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. అసలు కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు శాండ్‌బాక్స్‌లోకి తేవద్దు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక కంపెనీల సెక్యూరిటీ వాళ్ళు దీన్ని ఇంకా శ్రద్ధగా చూస్తున్నారు. జడ్జీల్లో ఒకరు “ఈ డేటా ఎక్కడిది?” అని అడిగితే తడుముకోకూడదు. ఉత్తుత్తి డేటా తయారు చేసే పని మీ టెస్టర్‌కి ఇవ్వండి, ఆ పనిలో టెస్టర్‌ని మించినవాళ్ళు ఉండరు. మా టెస్టర్ తయారు చేసిన షీట్‌లో ఇంటిపేరు ముందున్న పేర్లు, ఒకే అక్షరం ఇనీషియల్ ఉన్నవి, అసలు ఇంటిపేరే లేనివి, బాక్స్‌లో పట్టనంత పొడుగు పేర్లు అన్నీ ఉన్నాయి. డెమోలో స్క్రీన్ చెదరకుండా నిలబడిందంటే ఆ షీట్ వల్లే.

ఫ్రెషర్ల గురించి మీరు ఎక్కువ టెన్షన్ పడుతున్నట్టున్నారు. వాళ్ళకి మిగిలిపోయిన పనులు ఇవ్వకండి. ఒక్కో ఫ్రెషర్‌కి ఒక పూర్తి స్క్రీన్ ఇచ్చి, పక్కన ఒక సీనియర్‌ని కూర్చోబెట్టండి. మొదలుపెట్టగానే స్క్రీన్‌కీ సర్వర్‌కీ మధ్య ఏ డేటా ఏ రూపంలో వెళ్తుందో ఒక పేజీ మీద రాసి అందరూ ఒప్పుకోండి. సర్వర్ తయారయ్యేదాకా స్క్రీన్ చేసేవాళ్ళు ఆ నమూనా డేటాతోనే పని చేసుకోవచ్చు. ఎవరూ ఎవరికోసమూ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన అవసరం రాదు.

టైమ్ విషయానికొస్తే, ఆరో గంటకల్లా ఒక ఎర్రర్ కోడ్ కొడితే ఒక జవాబు రావాలి, అది ఎంత అందవికారంగా ఉన్నా సరే. పద్దెనిమిదో గంట తర్వాత కొత్త ఫీచర్ వద్దు, ఎంత బాగున్నా వద్దు. ఈ గీత దాటకుండా ఆపే మనిషి ఒకరుండాలి, ఆ పని మీరే తీసుకోండి. అర్ధరాత్రి తర్వాత ఇద్దరిద్దరు చొప్పున పడుకోండి. స్టేజ్ మీద మాట్లాడే మనిషి మాత్రం తప్పకుండా నిద్రపోవాలి. ఇంటికి వెళ్ళి రావాలనుకునే అమ్మాయిలకు క్యాబ్ సంగతి ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌తో ముందే మాట్లాడి పెట్టండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, రాత్రి ఎలా వెళ్ళాలో తెలియకపోతే మనసు పని మీద నిలవదు. రాత్రి భోజనం తేలిగ్గా తెప్పించుకోండి, బిర్యానీ మర్నాటికి పెట్టుకోవచ్చు.

ఇక డెమో. మూడు నిమిషాలే ఇస్తారు, అందులో మొదటి నిమిషం పాత పద్ధతికే ఇవ్వండి. మేము నోట్‌బుక్ ఫోటో ఆవిడ అనుమతితో పెద్దగా చూపించాం. ఒక ఎర్రర్‌కి పరిష్కారం వెతకడానికి ఇప్పుడు ఎంతసేపు పడుతుందో చెప్పి, కొత్త స్క్రీన్ ముందు మాలో ఎవరమూ కూర్చోకుండా ఆవిడనే కూర్చోమన్నాం. ఆవిడే కోడ్ కొట్టారు, జవాబు వచ్చింది. వెనక్కి తిరిగి “ఇది మూడో పేజీలోది” అన్నారు. ఆ తర్వాత జడ్జీలు మమ్మల్ని వదిలేసి ప్రశ్నలన్నీ ఆవిడనే అడిగారు. మాకు మొదటి స్థానం వచ్చింది.

ఇరవయ్యో గంటకల్లా పనిచేస్తున్న డెమోని వీడియో తీసి పెట్టుకోండి. ప్రొజెక్టర్ రూమ్‌లో వైఫై మొండికేస్తే అదే ఆదుకుంటుంది. బ్రౌజర్‌లో అక్షరాలు పెద్దవి చేసుకోండి, చాట్ నోటిఫికేషన్లు ఆపేయండి, లాగిన్ అయ్యే ఉండండి. స్టేజ్ మీద మాట్లాడే బాధ్యత టెస్టర్‌కి ఇచ్చే ఆలోచన చేయండి. ఎక్కడ క్లిక్ చేస్తే ఏమవుతుందో టీమ్‌లో అందరికంటే బాగా తెలిసేది ఆ మనిషికే. ప్రశ్న ఏ స్క్రీన్ గురించి వస్తే ఆ స్క్రీన్ చేసిన ఫ్రెషర్‌తోనే జవాబు చెప్పించండి.

ప్రశ్నల్లో “సోమవారం నుంచి దీన్ని ఎవరు చూసుకుంటారు?” అన్నది దాదాపు ప్రతిసారీ వస్తుంది. దీనికి పోటీకి ముందే ఆ విభాగం మేనేజర్‌తో మాట్లాడి, నచ్చితే రెండు వారాలు తన టీమ్‌లో వాడి చూస్తానని ఒక మెయిల్ తెచ్చుకోండి. మేము ఆ మెయిల్‌ని చివరి స్లైడ్‌గా పెట్టాం.