ట్రైనింగ్‌కు పీపీటీ వెతకొద్దు, సుద్దముక్క పట్టుకుని లారీ దగ్గరికి వెళ్లండి

మీరు గ్రానైట్ యూనిట్‌లో కొత్తగా సూపర్‌వైజర్‌గా చేరారు. పాతికమంది వర్కర్లకు రిస్క్ అసెస్‌మెంట్ (పనిలో ఏ ప్రమాదం ఉందో ముందే అంచనా వేయడం) మీద, పని సేఫ్‌గా చేసే పద్ధతుల మీద రెండు గంటల ట్రైనింగ్ ఇమ్మన్నారు. మంచి పీపీటీ ఎక్కడ దొరుకుతుందని అడిగారు. నేను తాడిపత్రిలో పదకొండేళ్లు ఇదే పని చేశాను. నా దగ్గర ఒక పీపీటీ ఉంది. అడిగినా ఇవ్వను.

అందులో 42 స్లైడ్లు. రెండు రాత్రులు కూర్చుని తయారుచేశాను. హజార్డ్ అంటే ఏమిటి, రిస్క్ అంటే ఏమిటి, ప్రమాదం జరిగే అవకాశం ఒకటి నుంచి ఐదు, తీవ్రత ఒకటి నుంచి ఐదు, రెండూ గుణిస్తే వచ్చే అంకె, దానికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు. ఆఫీసు రూములో ఏసీ వేసి చూపించాను. నైట్ షిఫ్ట్ దిగి వచ్చినవాళ్లు పదో స్లైడుకే నిద్రపోయారు. బీహార్, ఒడిశా పిల్లలు సగం మంది ఉన్నారు, నేను తెలుగులో చెప్తుంటే వాళ్లు నా మొహం వంక చూస్తూ కూర్చున్నారు. చివర్లో రిజిస్టర్ తిప్పాం. సంతకం వచ్చినవాళ్లు సంతకం, రానివాళ్లు వేలిముద్ర. గ్రూప్ ఫొటో, ఉగ్గాని బజ్జీ, టీ. చాలా బాగా చెప్పానని నాకు నేనే అనుకున్నాను.

సరిగ్గా తొమ్మిది రోజులకు, మే నెలలో, మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక లారీ వచ్చింది. వేరే యూనిట్‌లో కోసిన స్లాబులు మా దగ్గరికి పాలిష్‌కు వచ్చాయి. లారీ మీద గుడారంలా రెండు వైపులా వాలుగా ఉండే ఇనుప స్టాండు, దానికి అటూ ఇటూ ఆనించిన స్లాబులు. మీకు తెలిసే ఉంటుంది, పది అడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ స్లాబు ఒక్కటే దాదాపు 300 కిలోలు తూగుతుంది. లోపల యార్డులో స్లర్రీ, అంటే కోతలో వచ్చే రాతి బురద, తీసుకెళ్లే ట్రాక్టర్ అడ్డంగా ఉంది. డ్రైవరుకు తొందర. గేటు దగ్గరే దించేద్దాం అన్నారు. సరేనన్నది నేనే.

గేటు దగ్గర నేల కాలువ వైపు కొంచెం వాలుగా ఉంటుంది. చూస్తే కనపడదు. గొలుసులు తీసేశారు. హైడ్రా క్రేన్‌తో కుడి వైపు స్లాబులు నాలుగు దించారు. ఎడమ వైపు బరువు అలాగే ఉంది, లారీ కూడా ఎడమకే ఒరిగి ఉంది. బేతంచెర్ల వైపు నుంచి వచ్చిన పిల్లవాడు ఒకడు, ఇరవై మూడేళ్లుంటాయి, ఎడమ వైపు స్లాబులకూ లారీ డోరుకూ మధ్య నిలబడి బెల్టు సర్దుతున్నాడు. కింద పెట్టిన చెక్క జారింది. చిన్న చప్పుడు, అంతే. ముందున్న స్లాబు స్టాండును వదిలి అతని మీదికి వాలింది. ఆ పిల్లవాడు రెండు చేతులూ ఎత్తి దాన్ని ఆపబోయాడు. దాని వెనకే ఇంకో రెండు వచ్చాయి. మా హమాలీ మేస్త్రీ "వదిలెయ్‌రా, దుంకు!" అని అరిచాడు. దూకడానికి అక్కడ చోటు లేదు.

తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. హైడ్రా కొక్కెం మళ్లీ తగిలించి స్లాబులు లేపడానికి పది నిమిషాలు పట్టింది. అంతసేపూ అతను అరవలేదు, నీళ్లు కావాలని మాత్రం అడిగాడు. అనంతపురం తీసుకెళ్లి వచ్చాక సాయంత్రం ఆ స్లాబు చూశాను. కోత పొడి అంటిన రాయి మీద అతని రెండు అరచేతులు, పది వేళ్లతో సహా అచ్చు పడి ఉన్నాయి. 300 కిలోల రాయిని చేతులతో ఆపవచ్చని అతను అనుకోలేదు. అనుకునేంత టైమే లేదు. చేతులు వాటంతట అవే లేచాయి. చిన్నప్పటి నుంచి జారే బిందెను, పడే బస్తాను పట్టుకుంటూ పెరిగిన వాళ్లం మనం. ఈ అలవాటును ఏ స్లైడూ మాన్పించలేదు.

మర్నాడు యజమాని మొదట అడిగింది రిజిస్టర్. "సంతకం ఉంది కదా, ట్రైనింగ్ ఇచ్చినాం కదా" అన్నాడు. ఆ మాటకు నాకూ ఒక క్షణం ధైర్యం వచ్చింది, ఆ సంగతి దాచను. తర్వాత ఆసుపత్రిలో ఆ పిల్లవాడి భార్య నన్ను పట్టుకుని, "ట్రైనింగ్ ఇచ్చినారంట కదా సార్, స్లాబు మీద పడితే ఏం చెయ్యాలని చెప్పినారు?" అని అడిగింది. నా 42 స్లైడ్లలో స్లాబు అన్న మాటే లేదు. ఫోర్క్‌లిఫ్ట్ బొమ్మ ఉంది, అదీ ఏదో విదేశీ గోడౌన్‌ది. మా యూనిట్‌లో ఫోర్క్‌లిఫ్ట్ లేదు.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణల్లో 7ఏ, 111ఏ సెక్షన్లు చేర్చారు. మొదటిది కార్మికుల భద్రతకు కావలసిన సమాచారం, శిక్షణ, పర్యవేక్షణ యజమాని బాధ్యత అంది. రెండోది ఆ సమాచారం, శిక్షణ పొందడం కార్మికుడి హక్కు అంది. మన దగ్గర ఆ హక్కు తిరగబడింది. ట్రైనింగ్ రిజిస్టర్‌లో సంతకం అంటే "నాకు చెప్పారు, ఇక ఏమైనా తప్పు నాదే" అని రాసిచ్చినట్టు వాడుతున్నారు. మీతో కూడా అదే చేయించబోతున్నారు, జాగ్రత్త.

వారం తర్వాత హమాలీ మేస్త్రీతో కూర్చున్నాను. "వాలులో బండి పెట్టి ఒక పక్కే దించితే స్టాండు ఒరుగుతాది సార్. ఇరవై ఏండ్లుగా సూస్తాండా" అన్నాడు. మరి ఎందుకు చెప్పలేదు అంటే, "మీరు అడగల్యా" అన్నాడు. నేను రెండు రాత్రులు కూర్చుని చేసిన రిస్క్ అసెస్‌మెంట్ అంతా ఆయన తలలో ముందే ఉంది. నా దాంట్లో లేనిదీ ఉంది.

ఆ తర్వాత ట్రైనింగ్ ఆఫీసులో పెట్టలేదు. పొద్దున్న ఆరున్నరకు, ఎండ ఎక్కకముందే, స్టాండు పక్కన నిలబెట్టాను. హిందీ వచ్చిన పిల్లవాణ్ణి ఒకణ్ణి పక్కన పెట్టుకుని అతనితో చెప్పించాను. "ఈ స్లాబు పడితే ఎంత దూరం పడుతుంది?" అని అడిగి అందరికీ సుద్దముక్కలు ఇచ్చాను, గీత గీయమన్నాను. ఒకరు రెండడుగుల దగ్గర, ఒకరు మూడడుగుల దగ్గర గీశారు. అప్పుడు ఆరడుగుల ప్లైవుడ్ షీటు నిలబెట్టి వదిలేశాం. దాని పైఅంచు అందరి గీతలూ దాటి ఆరడుగుల దగ్గర పడింది. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. రోజూ వాళ్లు టీ తాగే చోటు ఆ ఆరడుగుల లోపలే ఉంది.

తర్వాత ఒక్కొక్కరినీ ఆ షీటు ముందు నిలబెట్టి, వాళ్ల మీదికి వదిలి, పట్టుకోకుండా పక్కకు జరగమన్నాం. ముందే చెప్పినా సరే, మొదటిసారి దాదాపు అందరి చేతులూ లేచాయి. మూడోసారికి తగ్గాయి. నాలుగోసారికి కాళ్లు కదిలాయి. ఇది ట్రైనింగ్. ఇలా ఒళ్లు నేర్చుకోని ట్రైనింగ్ ట్రైనింగే కాదని నా గట్టి అభిప్రాయం. ఎంత పెద్ద కంపెనీ సేఫ్టీ ఆఫీసరు కాదన్నా నేను ఒప్పుకోను.

పద్ధతులు కూడా వాళ్లే చెప్పారు, నేను రాసుకున్నాను. లారీ చదునైన నేల మీదే నిలపాలి. దించేటప్పుడు అటొకటి ఇటొకటి తీయాలి. హైడ్రా బెల్టు బిగిసేదాకా ఆ వైపు గొలుసు విప్పకూడదు. గొలుసు విప్పాక ఆరడుగుల గీత లోపల మనిషి ఉండకూడదు, పొడవాటి కొక్కెంతో బయటి నుంచే సర్దుకోవాలి. సైగ ఒక్కరే ఇవ్వాలి. స్లాబు పడితే పడనివ్వాలి. ఈ చివరి మాట యజమాని నోటితో అందరి ముందు చెప్పించాను. స్లాబు పగిలితే కూలీలో కోస్తారన్న భయం ఉన్నంతకాలం చెయ్యి లేస్తూనే ఉంటుంది.

హెల్మెట్ గురించి మీరు ఒక్క మాటా అడగలేదు కానీ నేను చెప్తాను. మన వైపు సేఫ్టీ అంటే హెల్మెట్, అదీ ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజు. మీదికి ఒరిగే 300 కిలోల రాయికి హెల్మెట్ ఏం అడ్డం? ముందు ప్రమాదాన్ని తీసేయగలమా చూడాలి, లేకపోతే మనిషిని దాని దారిలోంచి తీయాలి, హెల్మెట్, షూస్ అన్నిటికంటే చివర. పొడి సంగతీ అంతే. గ్రానైట్ పొడిలో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, వచ్చాక తగ్గదు. నీళ్లు పోస్తూ కోయించాలి. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే ఆ పొడి ఆగదు. మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవమని బ్యానర్ కట్టి ఇంగ్లీషులో ప్రతిజ్ఞ చదివించే బదులు ఆ రోజు ఒక్క గ్రైండర్‌కు నీళ్ల పైపు పెట్టించినా మేలు.

తృటిలో తప్పిన ప్రమాదాలనూ వదలొద్దు. చెక్క జారడం అది మొదటిసారి కాదు. అంతకు రెండు నెలల ముందు కూడా జారింది, ఎవరికీ తగల్లేదు. దేవుడు కాపాడినాడని బుగ్గ రామలింగేశ్వరునికి టెంకాయ కొట్టి వచ్చాం. కొట్టడం తప్పు కాదు. వచ్చాక ఆ చెక్క ఎందుకు జారిందో చూడలేదు, అది తప్పు.

మీ ప్రశ్నకు జవాబు అడిగితే ఇంతే. రెండు గంటల్లో పావుగంట మీరు మాట్లాడండి, మిగతా టైమంతా వాళ్లను అడగండి. రిజిస్టర్ ఎలాగూ తప్పదు కాబట్టి సంతకం పక్కన "ఇతను చెప్పిన ప్రమాదం" అని ఒక గడి పెట్టించండి. అది ఖాళీగా ఉంటే సంతకం తీసుకోకండి. మా రిజిస్టర్‌లో ఆ గడిలో మొదటి మాట హమాలీ మేస్త్రీది, ఆయన చెప్తుంటే నేనే రాశాను: "గేటు కాడ వాలుంది." ఆ వారమే రెండు ట్రాక్టర్ల క్వారీ డస్ట్ తోలించి, నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో చూసుకుంటూ, అక్కడ నేల చదును చేయించాం.