హైస్కూల్ల ఒక్కో క్వాలిఫైడ్ టీచర్‌కు ఎంతమంది పిల్లలు ఉన్నరు అనే నంబర్‌తోని దేశాలను పోల్చొచ్చా?

పోల్చొచ్చు గానీ ఆ నంబర్ ఒక్కటే చూసి ఏ దేశంల హైస్కూల్ చదువు మంచిగున్నదో చెప్పలేం, ఎందుకంటే 'క్వాలిఫైడ్ టీచర్' అంటే ఎవరు అన్నది ఏ దేశానికి ఆ దేశమే డిసైడ్ చేసుకుంటది. యునెస్కో లెక్కలల్ల గూడ అంతే, ఆ దేశం రూల్ ప్రకారం ఉండాల్సిన కనీస చదువు ఉంటే క్వాలిఫైడ్ కింద రాస్తరు, బీఈడీ లాంటి ట్రైనింగ్ అయిందా లేదా అన్నది ఇంకో లెక్క, ఈ రెండూ కలిపేసి చాలామంది కన్ఫ్యూజ్ అయితరు. ఫిన్లాండ్‌ల హైస్కూల్ సారు కావాలంటే మాస్టర్స్ ఉండాలె, మనకాడ తొమ్మిది, పదికి చెప్పనీకి డిగ్రీ, బీఈడీ సరిపోతది. మరి రెండు దేశాలకు ఒకటే నంబర్ వచ్చినా అర్థం ఒకటే ఎట్ల అయితది?

దేవరకొండ దిక్కు ఒక హైస్కూల్ అనుకుందాం, 300 మంది పిల్లలు, 12 మంది సార్లు, మేడమ్‌లు. మామూలు రేషియో, అంటే అందరు టీచర్లను లెక్కేస్తే ఒక్కొక్కరికి వచ్చే పిల్లల సంఖ్య, 25. అండ్ల ఇద్దరికి ఉండాల్సిన డిగ్రీ లేకుంటే క్వాలిఫైడ్ లెక్కల 300ను 10తోని భాగించాలె, అప్పుడు 30 అయితది. పిల్లలు అంతమందే, బడి అదే, నంబర్ మాత్రం మారింది.

అందరు పొరపాటు పడేది యాడంటే, రేషియో 25 అంటే క్లాస్‌రూంల 25 మందే కూసుంటరు అనుకుంటరు. అట్ల కాదు. టీచర్లు అన్ని పీరియడ్లు చెప్పరు, మ్యాథ్స్ సారు ఒక్కరే ఉంటే ఆయన క్లాసుల 50 మంది గూడ ఉండొచ్చు. దేశం మొత్తం సగటుల ఇదేం కనవడది, పట్నంల సార్లు ఎక్కువై మారుమూల ఊర్లల్ల తక్కువున్నది గూడ కనవడది.