గ్రాంట్ ప్రొఫెసర్‌ది అయినప్పుడు మధ్యలో యూనివర్సిటీ పెత్తనం ఏమిటి?

అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్న మీ అబ్బాయి కాన్ఫరెన్స్ టికెట్‌కి ప్రొఫెసర్ సరే అన్నా యూనివర్సిటీ డబ్బు ఇవ్వలేదని అడిగారు. పరిశోధనకు డబ్బిచ్చే ఫెడరల్ సంస్థలు ఎన్‌ఐహెచ్ అయినా ఎన్‌ఎస్‌ఎఫ్ అయినా, గ్రాంట్ మంజూరయ్యేది మామూలుగా యూనివర్సిటీ పేరు మీదే. లెక్క తప్పితే వాషింగ్టన్‌కి తిరిగి కట్టాల్సిందీ యూనివర్సిటీయే. నేను అమెరికాలోనే ఒక యూనివర్సిటీలో పోస్ట్-అవార్డ్ ఆఫీసులో, అంటే గ్రాంట్ వచ్చాక ఖర్చుల లెక్క చూసే చోట, పనిచేస్తాను. బిల్లులు చూడటం, ప్రొఫెసర్లతో మాటలు పడటం, ఇదే ఉద్యోగం.

టికెట్ అన్నారు కాబట్టి ఇది చెప్పాలి. మన తెలుగాయనే, పెద్ద ప్రొఫెసర్. హైదరాబాద్‌లో కాన్ఫరెన్స్‌కి వెళ్లొచ్చి బిల్లులు పెట్టారు. హోటల్, క్యాబ్, రిజిస్ట్రేషన్ అన్నీ సరిగ్గా ఉన్నాయి. విమానం మాత్రం దుబాయ్ మీదుగా, రానూ పోనూ గల్ఫ్ కంపెనీ సొంత ఫ్లైట్ నంబర్‌తో. ఫెడరల్ డబ్బుతో విదేశాలకు వెళ్తే అమెరికన్ ఎయిర్‌లైన్‌లోనే వెళ్లాలని 1974 నాటి చట్టం ఉంది, ఫ్లై అమెరికా అంటారు. మినహాయింపులు లేకపోలేదు. విమానం ఎవరిదైనా టికెట్ మీద అమెరికన్ కంపెనీ ఫ్లైట్ నంబర్ ఉంటే చెల్లుతుంది. చవగ్గా దొరికిందంటే మాత్రం చెల్లదు.

"ఏమ్మా, గవర్నమెంటుకి డబ్బు మిగిల్చినందుకు నాకు శాలువా కప్పాల్సింది పోయి బిల్లు కొట్టేస్తావా?" అన్నారు.

"సార్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లుఫ్తాన్సా విమానమే యునైటెడ్ నంబర్‌తో కొనుంటే ఈ గొడవే ఉండేది కాదు."

"ఈ చట్టం చేసినవాళ్లు ఒక్కసారైనా ఎకానమీలో ఇండియా వెళ్లారా?"

దానికి నేనేం చెప్పను! ఆ టికెట్ చివరికి డిపార్ట్‌మెంట్ సొంత ఫండ్ మీద పడింది. మీ అబ్బాయిదీ నూటికి తొంభై పాళ్లు ఇదే కేసు అయ్యుంటుంది. కొనేముందు మాకో ఈమెయిల్ పెట్టరు, కొన్నాక పోట్లాటకి వస్తారు.

టికెట్ కంటే నాకు ఒళ్లు మండేది గ్రాంట్ ముగిసే ఆఖరి నెలలో షాపింగ్. ఖర్చు అనుమతి ఉన్నదై ఉండాలి, ఆ ప్రాజెక్టుకే చెందాలి, సబబుగా ఉండాలని యూనిఫామ్ గైడెన్స్, అంటే ఫెడరల్ గ్రాంట్ల ఖర్చు నిబంధనలు, చెబుతుంది. మరి మూడు వారాల్లో ముగిసే ప్రాజెక్టుకి కొత్త లాప్‌టాప్‌లు ఎందుకని ఆడిటర్ అడిగితే సమాధానం నేను వెతుక్కోవాలి. విందు బిల్లులో వైన్ ఉంటే అదీ నేనే విడదీయాలి.

ఇక "యూనివర్సిటీ గ్రాంట్‌లో సగం మింగేస్తుంది" అనే మాట. ప్రాజెక్టు నేరు ఖర్చుల మీద ఇంత శాతమని యూనివర్సిటీకి విడిగా ఇచ్చేవి ఇండైరెక్ట్ ఖర్చులు. అందులో మా ఆఫీసులాంటి అడ్మినిస్ట్రేషన్ వాటా ఆ నేరు ఖర్చుల మీద 26 శాతం దాటకూడదని 1991 నుంచీ పరిమితి ఉంది. నిబంధనలు ఎన్ని పెరిగినా ఆ అంకె కదల్లేదు. మిగతాది బిల్డింగులు, కరెంటు, లైబ్రరీ. 2025 ఫిబ్రవరిలో ఎన్‌ఐహెచ్ మొత్తం కలిపి 15 శాతమే ఇస్తానంది, కోర్టు ఆపింది. ఆ వారమంతా మాకు నిద్రల్లేవు. ల్యాబుల్లో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి, ఆ కరెంటు బిల్లు ఏ ప్రొఫెసర్ బడ్జెట్‌లోనూ విడిగా కనపడదు.