సమాధానం: మీ డ్వాక్రా గ్రూపులో లీడరు మారినా పెత్తనం పాతావిడదే అంటున్నారు కదా

బ్యాంకులో సంతకాలు ఇంకా పాత లీడర్లవే అయ్యుంటాయి. డ్వాక్రా గ్రూపులో చెక్కు మీద సంతకం ఎవరిదైతే మాట వాళ్లదే చెల్లుతుంది.

1. పాతవారి పేర్లు తీసి కొత్తవారివి పెడుతున్నట్టు తీర్మానం పుస్తకంలో రాసి, సభ్యులతో సంతకాలు చేయించండి.

2. చాలామంది తీర్మానం రాసి ఆగిపోతారు. ఆ తీర్మానం కాపీ, కొత్తవారి ఆధార్, ఫొటోలు తీసుకుని బ్యాంకుకు వెళ్లి సంతకాలు మార్పించండి. ఖాతాకున్న ఫోన్ నంబరు కూడా అప్పుడే మార్పించాలి. లేకపోతే డబ్బు తీసిన మెసేజ్‌లు పాతావిడకే వెళ్తాయి, మీకు తెలియను కూడా తెలియదు.

3. పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించి, అందరూ వినేలా మీటింగులో చదవండి. చదువు రాని సభ్యులకు ఇది మరీ ముఖ్యం.

పాతావిడ గ్రూపు పుస్తకాలు ఇవ్వనంటే ఆవిడతో గొడవ పెట్టుకోకండి. ఊళ్లోని గ్రూపులన్నీ కలిసిన గ్రామ సంఘం మీటింగులో విషయం పెట్టి, గ్రూపుల పని చూసే సీసీ (కమ్యూనిటీ కోఆర్డినేటర్) గారికి చెప్పండి.