చంటిపిల్లకు గుర్రం బొమ్మ అల్లేటప్పుడు

అమ్మడూ,

మీ చెల్లి కూతురి మొదటి పుట్టినరోజుకి యూనికార్న్ బొమ్మ, అదే నుదుట ఒక్క కొమ్ముండే గుర్రం బొమ్మ, క్రోషే సూదితో అల్లి ఇస్తానని నువ్వు అన్నప్పటి నుంచి నాకు అదే ధ్యాస. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. సూది పట్టుకున్నప్పుడు పక్కన పెట్టుకుని చూసుకుంటావని రాస్తున్నాను.

నీది నర్సాపురం లేసు అల్లిన చెయ్యి. 2024లో మన లేసుకు జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకే అన్న గుర్తింపు, వచ్చినప్పుడు ఎంత సంబరపడ్డామో నీకూ తెలుసు. సూది పట్టుకోవడం, చైన్ వెయ్యడం, కుట్లు లెక్కపెట్టడం నీకు కొత్తగా నేర్పక్కర్లేదు. కానీ లేసులో అలవాటైనది ఒకటి ఇక్కడ వదిలెయ్యాలి. లేసు అందమంతా కంతల్లోనే ఉంటుంది. బొమ్మకు ఒక్క కంత కనిపించినా అందులోంచి దూది బయటకు వస్తుంది, పాప దాన్ని పీకి నోట్లో పెట్టుకుంటుంది. అందుకే దారం ఉండ మీద 4 మిల్లీమీటర్ల సూది అని రాసి ఉన్నా నువ్వు 2.5 తీసుకో. మొదట్లో చెయ్యి నొప్పి పుడుతుంది, మధ్యమధ్యలో ఆపుతూ అల్లు. అల్లిన ముక్కను దీపం వైపు పెట్టి వేళ్లతో సాగదీసి చూడు. వెలుగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే ఇంకా బిగించాలన్నమాట.

దారం కాటన్‌దే కొను. ఊలు నూగు పాప నోట్లోకి పోతుంది, మన ఎండలకు చెమట కూడా. తెలుపు 100 గ్రాములు సరిపోతుంది కానీ, తర్వాత కొంటే రంగు తేడా వస్తుంది, ఒకే లాట్‌లో ఇంకో ఉండ కూడా తెచ్చి పెట్టుకో. జరీ దారం మెరుస్తుందని కొమ్ముకు వాడాలనిపిస్తుంది. వద్దు, చిగుళ్లకు గీసుకుంటుంది. మెత్తటి పసుపు కాటన్ చాలు.

ఇలాంటి బొమ్మల అల్లికను జపాన్ వాళ్లు అమిగురుమి అంటారు. మొత్తం సింగిల్ క్రోషే అనే పొట్టి, దగ్గర కుట్టుతోనే, వరస ముగించకుండా మెలికలా తిరుగుతూ అల్లుతారు. ఇంటర్నెట్‌లో ప్యాటర్న్ తీసుకుంటే అది అమెరికా పద్ధతిదో, బ్రిటన్ పద్ధతిదో ముందు చూసుకో. అమెరికా వాళ్ల సింగిల్‌నే బ్రిటన్ వాళ్లు డబుల్ అంటారు. పొరపాటున అమెరికా వాళ్ల డబుల్ వేశావంటే బొమ్మంతా కంతలే. ప్రతి చుట్టు మొదటి కుట్టులో వేరే రంగు దారం ముక్క దూర్చు, లేకపోతే చుట్టు ఎక్కడ మొదలైందో తెలియదు. గుండ్రంగా రావాలంటే 6 కుట్లతో మొదలుపెట్టి 12, 18, 24 అని చుట్టుకు ఆరేసి పెంచుకుంటూ పో. ఒక్కో కుట్టు నెత్తి మీద ముందొకటి, వెనకొకటి రెండు పోగులుంటాయి కదా, తగ్గించేటప్పుడు సూదిని రెండు కుట్ల ముందు పోగుల్లోకే దూర్చి కలిపి లాగు, అప్పుడు అక్కడ గుంట పడదు.

గుర్రానికి కాళ్లే ప్రాణం. తల ఎంత ముద్దుగా వచ్చినా కాళ్లు వంగిపోతే బొమ్మ నిలబడదు. అందుకే కాళ్లతోనే మొదలుపెట్టు, నాలుగూ వరసగా అల్లెయ్యి. మధ్యలో తల అల్లి మళ్లీ కాళ్ల దగ్గరికొస్తే నీ చేతి బిగువు మారిపోయి ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు వస్తాయి. గిట్ట రంగుతో 18 కుట్ల వరకు పెంచి, తర్వాతి చుట్టు మొత్తం వెనక పోగులోనే అల్లు. దాంతో అంచు విరిగి అడుగు చదునుగా వస్తుంది. ఇంకో రెండు చుట్లు అల్లి తెలుపుకి మారి, 12కి తగ్గించి, పద్నాలుగు చుట్ల పాటు అలాగే పైకి పో. రంగు మార్చేటప్పుడు చివరి కుట్టు సగంలో ఉండగానే కొత్త దారం లాగితే గీత శుభ్రంగా ఉంటుంది.

దూది పాలిస్టర్‌దే వాడు. బూరుగు దూది ఉతికితే ఉండలు కడుతుంది. ఒకేసారి పెద్ద ముద్ద తొయ్యకు, చిన్న చిన్న పోగులుగా విడదీసి పెన్సిల్ వెనక వైపుతో కూరు. కాళ్లు, మెడ బాగా గట్టిగా ఉండాలి, పొట్ట కాస్త మెత్తగా ఉంటే పాప హత్తుకోవడానికి బాగుంటుంది. మెడ పొట్టిగా, లావుగా అల్లు. మెడలోని దూది తలలోకి కూడా పోయేలా కూరి, చుట్టూ రెండుసార్లు కుట్టు. లేకపోతే వారం తిరక్కుండా తల వాలిపోతుంది.

కళ్లకు ప్లాస్టిక్ కళ్లు, పూసలు, గుండీలు ఏవీ వద్దు. సేఫ్టీ కళ్లని అమ్ముతారు, అయినా మూడేళ్లలోపు పిల్లల బొమ్మకు నేను ఒప్పుకోను. నల్ల దారంతో వాలిన రెప్పలు కుట్టు, నిద్రపోతున్నట్టు ఉంటుంది. జూలుకు అందరూ దారం ముక్కలు కత్తిరించి ముడులు వేస్తారు. విడి దారం పాప వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది, అది చాలా ప్రమాదం. దానికి బదులు ఇరవై చైన్లు వేసి, వెనక్కి వస్తూ ఒక్కో చైన్‌లో రెండేసి సింగిల్స్ వెయ్యి. రింగులు తిరిగిన జుట్టులా దానంతటదే మెలి తిరుగుతుంది. ఇలాంటివి ఓ పదిహేను, రెండు మూడు రంగుల్లో, నుదుటి నుంచి మెడ కింద దాకా గట్టిగా కుట్టు. తోకకూ అవే, పొడుగు పెంచకు.

కొమ్ము చిన్న పని. 4 కుట్లతో మొదలుపెట్టి, చుట్టు విడిచి చుట్టుకు ఒక్కో కుట్టు పెంచుతూ పదికి తీసుకురా. లోపల తీగ పెట్టకు, వట్టి దూది చాలు.

కుట్టే ముందు కాళ్లను గుండుసూదులతో పొట్టకు గుచ్చి, తలను కూడా గుచ్చి బల్ల మీద నిలబెట్టు. యూనికార్న్‌కు తల బరువెక్కువ, ముందుకు బోర్లా పడుతుంది. ముందు కాళ్లను కాస్త ముందుకు జరిపితే ఆగుతుంది. బల్లను చిన్నగా కుదిపినా నిలబడిందంటే అప్పుడు కుట్టు. ఎన్ని సూదులు గుచ్చావో కాగితం మీద రాసుకుని, తీసినప్పుడు లెక్క సరిచూసుకో. ఒక్కటి తక్కువైనా బొమ్మ ఇల్లు దాటకూడదు.

చెల్లికి ఇచ్చేటప్పుడు ఉతికే పద్ధతి కూడా చెప్పు. చన్నీళ్లలో చేత్తో పిసికి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, నీడలో పడుకోబెట్టి ఆరబెట్టాలి. లోపల తడి ఉంటే వాసన వస్తుంది, పూర్తిగా ఆరేదాకా పాపకు ఇవ్వొద్దను.

టెన్షన్ పడకు, పుట్టినరోజుకి ఇంకా టైముంది. కాళ్లు గుచ్చాక, కుట్టకముందే, ఎదురు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటోలు తీసి పంపు. నేను చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ