మావారి లైకా, మా తమ్ముడి అలక

ప్రశ్న: మాది హైదరాబాద్, కొండాపూర్. మావారు సాఫ్ట్‌వేర్. పాప స్కూల్ ఫీజు కోసం వేసుకున్న చీటీని నాకు చెప్పకుండా పాడేసి, మిగతాది ఈఎంఐ పెట్టి లైకా అనే ఖరీదైన జర్మన్ కంపెనీ కెమెరా కొన్నారు. ఆదివారం తెల్లారకముందే ఫొటోవాక్ అంటూ చార్మినార్ వెళ్తారు. మా తమ్ముడు పెళ్లి ఫొటోలు తీసి బతుకుతున్నాడు. మా పెద్దమ్మ వాళ్ల గృహప్రవేశంలో అందరి ముందూ వాణ్ణి "ఆ ప్లాస్టిక్ డబ్బాతో ఏం తీస్తావురా" అన్నారు. అప్పట్నుంచి వాడు మా గడప తొక్కడం లేదు. గట్టిగా అడిగితే మావారు "అది పెట్టుబడి, నీకు తెలీదు" అంటారు.

జవాబు: ఇందులో తగాదాలు రెండున్నాయమ్మా. రెండూ ఒకే రోజు ఎత్తుకోకండి. ఆయన కెమెరా గొప్పలు చెప్పి రెండిట్నీ దాటేస్తారు.

ముందు డబ్బు. పెట్టుబడి మాట నమ్మకండి. డిజిటల్ కెమెరా బాడీ, అంటే లెన్సు లేని కెమెరా, ధర కొత్త మోడల్ రాగానే తగ్గుతుంది, లెన్సులే కాస్త నిలబడతాయి. 2022లో లైకా ఎం11 మోడల్ వచ్చినప్పుడు అమెరికాలో బాడీ ఒక్కటే 8,995 డాలర్లు, లెన్సు వేరే. చీటీ పుస్తకం, ఈఎంఐ కాగితం ముందు పెట్టుకుని జూన్‌లో ఫీజు ఎక్కణ్ణుంచి కడతారో అడగండి. సమాధానం లేకపోతే బిల్లూ పెట్టే ఉండగానే అమ్మేయడం మేలు. ఆయనకు చెప్పకుండా మాత్రం అమ్మకండి. ఆయన చేసిన పనే మీరూ చేసినట్టవుతుంది.

ఇక తమ్ముడి సంగతి. నాకు ఇదే పెద్దదనిపిస్తోంది. లైకాలో పేరున్న ఎం రకం కెమెరాల్లో ఆటోఫోకస్ ఉండదు, అంటే బొమ్మ స్పష్టత కెమెరా తనంతట తాను సరిచేయదు. చాలా మోడళ్లలో కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ మధ్యలో రెండుగా కనిపించే బొమ్మ ఒకటయ్యేదాకా లెన్సు రింగు తిప్పాలి. అందులో ఆనందం ఉంది, కాదనను. కానీ జీలకర్ర బెల్లం పెట్టే క్షణం రింగు తిరిగేదాకా ఆగదు. మీ తమ్ముడి 'డబ్బా' ఆ క్షణాన్ని పట్టుకుంటుంది కాబట్టే వాడికి మళ్లీ మళ్లీ పిలుపొస్తోంది.

1948లో గాంధీగారి అంత్యక్రియల ఫొటోలు తీసిన ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాఁ, జనం కంట పడకూడదని తన లైకాలో మెరిసే భాగాలను నల్ల టేపుతో కప్పేవాడు. ఇప్పుడు కెమెరా ముందు లైకా గుర్తుగా ఉండే ఎర్ర చుక్క కనపడాలని చాలామంది తాపత్రయం. ఆ చుక్క తీసేసిన ఎం10-పి మోడల్ 2018లో మామూలు ఎం10 కంటే ఎక్కువ ధరకు వచ్చింది లెండి, చుక్క లేకపోవడమూ హోదాయే! మీవారి ఫొటోవాక్ మిత్రులు మెచ్చుకుంటున్నారు. చుట్టాల్లో కెమెరా తెలిసినవాడు మీ తమ్ముడొక్కడే, వాడు చూసి నోరు వెళ్లబెట్టి ఉండడు. ఆ ఉక్రోషమే అలా బయటపడిందని నా అనుమానం.

కెమెరా ఊసెత్తకుండా "నలుగురిలో మా తమ్ముడి పని తీసిపారేశారు, నాకు బాధైంది" అని అంతే చెప్పండి. తమ్ముడికి మీరు సర్దిచెప్పబోకండి. వాడికి ఫోన్ మీవారే చెయ్యాలి.