తోటి అభిమానుల దగ్గర మొహమాటం లేకుండా మాట్లాడడం గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: సినిమాల గురించి, పాటల గురించి మనసులో ఉన్నది ఉన్నట్టు చెబితే తోటి అభిమానులు నొచ్చుకుంటున్నారు, చెప్పకుండా తల ఊపితే మీకే వెలితిగా ఉంటోంది, కాబట్టి చెప్పాలా మానాలా అని అడిగారు. చెప్పమనే నా సలహా. సినిమా పిచ్చి, పాటల పిచ్చి ఉన్న మిత్రుల మధ్య చాలా ఏళ్లుగా ఇలాంటి వాదనలు చేస్తున్నాను. మాట ఘాటుగా ఉన్నందుకు గొడవ పెరిగిన సందర్భాలు తక్కువ. దేని గురించి అంటున్నామో అవతలివారికి అంతుపట్టనప్పుడే ఎక్కువగా పెరిగింది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక మిత్రుడు తనకు ప్రాణమైన సంగీత దర్శకుడి కొత్త పాట వినిపించి ఎలా ఉందని అడిగాడు. బాగోలేదని ఊరుకుంటే అతనికి మిగిలేది కోపగించుకోవడమో, మౌనంగా ఉండిపోవడమో. అందుకని, పల్లవి చివర గొంతు పై స్థాయికి వెళ్లే చోట వయొలిన్లు కూడా అవే స్వరాలను అంతే బిగ్గరగా వాయించడం వల్ల మాటలు మునిగిపోయాయని, రెండో చరణంలో సాహిత్యం దుఃఖంలోకి తిరిగినా వాద్యాలు మొదటి చరణంలో వాయించిందే మళ్లీ వాయించాయని, ఆ రెండు కారణాల వల్ల పాట నాకు నచ్చలేదని చెప్పాను. అతను పాటను వెనక్కి జరిపి అదే చోట మళ్లీ విన్నాడు. చరణం విషయంలో కాదనలేకపోయాడు గాని, ఆ పాత్ర గోడు ఎవరి చెవికీ ఎక్కని ఘట్టం కాబట్టి మాటలు మునిగిపోవడం కావాలని చేసిందేనని గట్టిగా వాదించాడు. నాకు తట్టని సంగతి అది. పాట నాకు ఇప్పటికీ నచ్చదు, అయినా ఆ పాట గురించి అంత మంచి మాట మరొకటి నేను వినలేదు.

అభిప్రాయం సూటిగా ఉండడం కంటే ముందు అది మనదై ఉండాలి, అది అనుకున్నంత తేలిక కాదు. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 14,000 మందికి పైగా పాల్గొన్నారు. పెద్దగా పేరు లేని బృందాల పాటలు 48 వాళ్ల ముందు పెట్టి, కొందరికి పాటలు మాత్రమే చూపించారు. మిగిలినవారిని ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా కనిపించేలా చేశారు. గుంపు మారితే ఆదరణ పొందిన పాటా మారింది. మరీ మంచి పాటలు అట్టడుగుకు పోవడం, మరీ నాసి పాటలు నెగ్గడం అరుదే గాని, మధ్యరకం పాటల గతి మాత్రం ఎటైనా పోయింది. మనం వాదించుకునేవాటిలో ఎక్కువ భాగం మధ్యరకానివే కాబట్టి ఇది నన్ను కాస్త కలవరపెట్టింది. అప్పటి నుంచి మా బృందంలో, సినిమా అయిపోయాక ఎవరూ రేటింగులు, సమీక్షలు చూడకముందే తలా నాలుగు వాక్యాలు ఫోన్‌లో రాసుకుని, ఆ తర్వాతే నోరు విప్పుతాం. ముందు మాట్లాడినవాడి వెంట అందరూ పోయే అలవాటు దాంతో చాలావరకు తగ్గింది.

పాటల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. ఒకే రికార్డింగును కాస్త శబ్దం పెంచి వినిపిస్తే చాలామందికి అదే మెరుగ్గా అనిపిస్తుంది కాబట్టి, పాట పాత రికార్డు గొప్పదా కొత్తది గొప్పదా అని తగువు పడేముందు రెండింటి శబ్దాన్నీ సమానం చేసుకోవాలి. శబ్దం తగ్గేకొద్దీ మంద్ర స్వరాలు (బేస్) మన చెవికి మరింత పలచగా వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. చిన్న స్పీకరులో మెల్లగా విని బేస్ బలహీనంగా ఉందని తీర్పు చెప్పేవాళ్లతో నేను వాదించను, మళ్లీ వినమంటాను.

పాట మీద విసరాల్సిన మాటను పాట నచ్చినవాడి మీద విసరకూడదు. ఇది నచ్చినవాళ్లకు సంగీతం తెలియదు అన్నప్పుడు పాట గురించి మనం ఏమీ చెప్పనట్టే. యవ్వనంలో విన్న పాటలు ఆ రోజుల జ్ఞాపకాలతో బలంగా ముడిపడి ఉంటాయి గనుక, ఎవరైనా అలాంటి పాట గురించి మాట్లాడుతుంటే బాణీలో లోపాలు ఎంచడం మానేసి, ఎప్పుడు విన్నారో అడుగుతాను. కొత్తగా చూడబోయేవాళ్ల ముందు, కళాకారుడు కన్నుమూసిన రోజున కూడా నా విమర్శను పక్కన పెడతాను.

ఇక రాసుకున్న అభిప్రాయం కింద తేదీ వేయడం మరిచిపోకండి. హిచ్‌కాక్ తీసిన ‘వర్టిగో’ సినిమా 1958లో విడుదలైనప్పుడు విమర్శకుల స్పందన మిశ్రమంగానే ఉంది. ‘సైట్ అండ్ సౌండ్’ అనే బ్రిటిష్ సినిమా పత్రిక పదేళ్లకోసారి నిర్వహించే విమర్శకుల ఎంపికలో 1982లో మొదటి పదింటిలోకి వచ్చిన ఆ సినిమా, 2012కల్లా ‘సిటిజన్ కేన్’ను దాటి మొదటి స్థానానికి చేరింది. 2022లో అది మళ్లీ రెండో స్థానానికి దిగింది. సినిమా మాత్రం అదే. కనుక మన పాత తీర్పును ఎవరైనా తవ్వి తీసి ఎదురు పెడితే ఉలిక్కిపడనక్కరలేదు. ఆనాడు అలా అనిపించింది, ఈనాడు ఇలా అనిపిస్తోంది అని రెండూ పక్కపక్కన పెట్టి, మధ్యలో ఏ సన్నివేశం మన కంటికి కొత్తగా కనిపించిందో చెబితే సరిపోతుంది.

ఇంత జాగ్రత్త పడినా నొచ్చుకునేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, మా బృందంలోనూ ఉన్నారు. వాళ్లతో కలిసి సినిమాలకు వెళ్లడం నేను మానలేదు. వాళ్ల అభిమాన హీరో సినిమా అయితే మాత్రం, తిరిగి వచ్చే దారిలో నాలుగు వాక్యాలూ ఫోన్‌లోనే ఉంచుకుని వేరే విషయాలు మాట్లాడతాను. అడిగితే చూపిస్తాను. ఇప్పటిదాకా అడిగినవాళ్లు లేరు.